చిరాగ్ అలీ లేన్ నుంచి నడిగడ్డ దాకా

హైదరాబాదు ఆబిడ్స్ పక్కన చిరాగ్ అలీ లేన్‌లో, 1930ల తొలినాళ్లలో, మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి 200 వాట్ల రేడియో ట్రాన్స్‌మిటరును నిలబెట్టారు. అది సర్కారు పథకం కాదు, ఒక మనిషి సొంత పూనిక. 1935 ఫిబ్రవరి 3న అదే నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి దక్కన్ రేడియోగా మారింది. విజయవాడ ఆకాశవాణి మొదలైంది 1948 డిసెంబరు 1న. అంటే అంతకు పదమూడేళ్లకు పైగా ముందే ఆ సందులోంచి మనుషుల గొంతులు గాల్లోకి లేచాయి.

ఆ స్టేషన్ గురించి రాసేవాళ్లు సాధారణంగా హైదరాబాదులో నిలబడి రాస్తారు. నేను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి చూడాలనుకుంటున్నాను. స్టేషన్ ముంగిట నిలబడితే ఏ రేడియో అయినా బాగానే వినపడుతుంది. వంద కిలోమీటర్ల అవతల, రాళ్లగుట్టలు దాటాక, కరెంటు లేని ఊళ్లో వినపడిందంటే మధ్యలో ప్రతి అతుకునూ ఎవరో శ్రద్ధగా వేశారన్న మాట. ఆ అతుకులను ఒక్కొక్కటిగా చూద్దాం.

ట్రాన్స్‌మిటరులో మొదట చూడాల్సింది ఆసిలేటరు. సెకనుకు లక్షల సార్లు ఊగే విద్యుత్తు పుట్టేది అక్కడే. ఆ ఊపు ఎటూ జరగకుండా పట్టి ఉంచేది క్వార్ట్జ్ స్ఫటికం నుంచి కోసిన చిన్న బిళ్ల. రెండు లోహపు పలకల మధ్య దాన్ని ఉంచి విద్యుత్తు తగిలిస్తే రాయి కంపిస్తుంది. ఎంత వేగంగా కంపించాలన్నది దాని మందం నిర్ణయిస్తుంది. పలచనైతే వేగం పెరుగుతుంది, మందమైతే తగ్గుతుంది. దక్కన్ రేడియో తర్వాతి కాలంలో వాడిన 730 కిలోహెర్ట్జ్‌కు కావలసిన మందం రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన. ఆ కాలంలో బిళ్లను రాపొడి వేసి రుద్దేవాళ్లు, కొలిచేవాళ్లు, మళ్లీ రుద్దేవాళ్లు. వెంట్రుకవాసి ఎక్కువ అరిగిందా, స్టేషను తన చోటు నుంచి పైకి జరిగిపోయినట్టే. అరిగిన రాయిని మళ్లీ పెంచే దారి లేదు. అంతా సరిగ్గా కుదిరినా వేడికి దాని కంపనం మారుతుంది కాబట్టి, బిళ్లను ఒక చిన్న పెట్టెలో పెట్టి లోపలి వేడి ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు చూసేవాళ్లు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండలోనూ, జనవరి తెల్లవారుజామునా, రేడియో ముల్లు అదే గీత మీద ఆగాలంటే ఈ జాగ్రత్త తప్పదు.

ఆసిలేటరు తర్వాత వచ్చే వాల్వు పని చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. మొదట చూస్తే అది బలం పెంచడానికే అనిపిస్తుంది. దాని అసలు పని స్ఫటికాన్ని కాపాడడం. ముందుకు పోయే కొద్దీ పెద్ద వాల్వులు, భారీ విద్యుత్తు, క్షణక్షణం మారే భారం ఉంటాయి. ఆ కుదుపులు వెనక్కి తన్ని స్ఫటికం దాకా చేరితే కంపనం చెదురుతుంది. అందుకని మధ్యలో ఒక వాల్వును కాపలా పెడతారు. ఇంజనీర్లు దాన్ని బఫర్ అంటారు. ముందుకు తీసుకుపోవాల్సింది తీసుకుపోతూ, వెనక్కి ఏదీ రానివ్వదు. వినేవాళ్లకు దాని ఉనికే తెలియదు, కానీ అది లేకపోతే స్టేషను నిలకడగా ఉండదు.

ఇప్పటిదాకా పుట్టింది మాట లేని అల మాత్రమే. దానికి గొంతు ఎక్కించాలి. మైక్రోఫోను ముందు మనిషి మాట్లాడితే గాలి సెకనుకు వంద నుంచి కొన్ని వేల సార్లు కదులుతుంది. ఆ కదలికను విద్యుత్తుగా మార్చి, పెంచి, చివరి పెద్ద వాల్వుకు అందే వోల్టేజి మీద కలుపుతారు. అప్పుడు అల ఎత్తు గొంతుతో పాటు పెరుగుతూ తగ్గుతూ పోతుంది. అల వేగం మారదు, ఎత్తు మారుతుంది. గొంతు పతాకస్థాయికి చేరిన క్షణంలో అల రెట్టింపు ఎత్తుకు లేస్తుంది. ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. అంటే 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు ఒక్కో క్షణం 20 కిలోవాట్లు మోయగలగాలి. ఎవరైనా అంతకు మించి అరిస్తే కింది అంచున అల పూర్తిగా తెగిపోతుంది, మాట చిట్లుతుంది, చిట్లిన ముక్కలు పక్క స్టేషన్ల మీద పడతాయి. కాబట్టి కంట్రోలు గదిలో కూచున్న మనిషి కన్ను మీటరు మీదా, వేళ్లు గుండీ మీదా ఉండేవి. గాయకుడు తారస్థాయికి పోబోతున్నాడని ఊపిరి పీల్చడాన్ని బట్టే పసిగట్టి, ఆ స్వరం రాకముందే గుండీని కొద్దిగా వెనక్కి తిప్పాలి. స్వరం వచ్చాక తిప్పితే వినేవాడికి దొరికిపోతుంది. సంగీతం తెలియని మనిషి ఆ కుర్చీలో ఎక్కువ రోజులు నిలవలేడు.

200 వాట్లతో నగరం దాటడమే కష్టం. 1939లో సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు వచ్చింది. 411 మీటర్ల అల, 730 కిలోహెర్ట్జ్. శక్తి ఇరవై అయిదింతలు పెరిగిందంటే అయిదు రెట్లు దూరం పోతుందా, పాతిక రెట్లా? ఇక్కడ లెక్క కాస్త కఠినంగా ఉంటుంది. ఒక చోట అందే అల బలం శక్తికి వర్గమూలంగా మాత్రమే పెరుగుతుంది. ఇరవై అయిదింతల శక్తి పోస్తే అయిదింతల బలం వస్తుంది, అందులోంచి దూరం కొద్దీ నేల తన వాటా తీసుకుంటుంది. వాట్లు పెంచడం ఖరీదైన దారి. అందుకే తెలివైన ఇంజనీరు ముందు ఏరియల్ మీదా, దాని కింద నేల మీదా శ్రమ పెడతాడు.

మీడియం వేవ్ టవరు ఏరియల్‌ను మోసే స్తంభం అనుకుంటాం. నిజానికి ఆ టవరే ఏరియల్. మొత్తం ఇనుము పింగాణీ దిమ్మ మీద కూచుని, నేలకు తగలకుండా ఉంటుంది. దాన్ని లాగి పట్టుకునే తీగలను కూడా మధ్యమధ్య పింగాణీ గుండ్లతో తెంపుతారు, లేకపోతే అవీ అలను మింగేస్తాయి. ఎత్తు ఎంత ఉండాలన్నది అల పొడవు చెబుతుంది. పావు వంతు ఉంటే టవరు ఆ అలకు సహజంగా పలుకుతుంది. 411 మీటర్లకు పావు వంతంటే దాదాపు 103 మీటర్లు. అంత ఎత్తు వేయలేకపోతే అడుగున కాయిల్ చుట్టి లోటు పూడుస్తారు, కానీ కొంత శక్తి ఆ కాయిల్‌లోనే వేడిగా పోతుంది.

టవరు సగం మాత్రమే. మిగతా సగం నేల కింద ఉంటుంది. టవరు అడుగు నుంచి నలుదిక్కులకూ రాగి తీగలు జానెడు లోతున పాతుతారు. 1937లో అమెరికాలో జార్జి బ్రౌన్ బృందం పొలంలో తీగలు పాతి, కొన్ని తీసి, మళ్లీ పాతి, ప్రతిసారీ కొలిచి చూసింది. దాదాపు 120 తీగలు, ఒక్కోటి అలలో సగం పొడవు వరకూ ఉంటే నేలలో పోయే నష్టం దాదాపుగా ఆగిపోతుందని తేల్చింది. ఆ తర్వాత మీడియం వేవ్ ఇంజనీర్లందరికీ అదే కొలబద్ద అయింది. టవరులోకి పోయిన విద్యుత్తు తిరిగి రావడానికి దారి కావాలి, ఆ దారి మట్టిలోంచి పోతే మట్టి వేడెక్కుతుంది, రాగిలోంచి పోతే అల బయటికి పోతుంది. సరూర్‌నగర్ చెరువు పక్క ఊరు. తడి నేల ఉన్న చోట ఈ పని సగం తేలికవుతుంది.

ట్రాన్స్‌మిటరు ఊరి బయట, స్టూడియో ఊళ్లో. మధ్యలో టెలిఫోను తీగ. ఈ తీగ కిలోమీటర్లు పోయేసరికి గొంతులోని సన్నటి ధ్వనులను, అంటే స, శ, చ లాంటి వాటి అంచులను, తినేస్తుంది. మంద్రం మిగులుతుంది, మాట మూసుకుపోతుంది. దీనికి విరుగుడుగా అవతలి కొసన ఈక్వలైజరు పెడతారు. కాయిళ్లు, కండెన్సర్లు కలిపిన చిన్న పెట్టె అది. తీగ ఏ ధ్వనిని ఎంత తగ్గించిందో కొలిచి, మిగతా ధ్వనులను సరిగ్గా అంతే తగ్గిస్తారు. అంతా ఒకే మట్టానికి దిగాక మొత్తాన్ని కలిపి పైకి లేపుతారు. పోయినదాన్ని తిరిగి తెచ్చే యంత్రం లేదు కాబట్టి, మిగిలినదాన్ని పోయినదాని పక్కకు తెచ్చి నిలబెట్టే ఉపాయం ఇది. రేడియో పనిలో నాకు అన్నిటికన్నా ముచ్చటైన ఆలోచన ఇదే.

ఇక అల బయలుదేరింది. హైదరాబాదు నుంచి గీత గీస్తే నాగర్‌కర్నూల్ సుమారు 100 కిలోమీటర్లు, వనపర్తి 120, గద్వాల 145. పగటిపూట మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని పోతుంది. నేలలో తడి, ఉప్పు ఉంటే జోరుగా సాగుతుంది. ఎండిన రాయి తగిలితే బలం కోల్పోతుంది. హైదరాబాదు నుంచి దక్షిణానికి ముందు నల్లరాతి గుట్టలు, ఎర్రమట్టి చెలకలు. అల ఇక్కడే ఎక్కువ అరుగుతుంది. కృష్ణ దాటి, రెండు నదుల నడుమ ఉన్న నడిగడ్డలోకి వచ్చాక, మానవపాడు, అలంపూర్ వైపు నల్లరేగడి ఎదురవుతుంది. ఆ నేల అలను తేలిగ్గా పోనిస్తుంది గానీ అప్పటికే దారిలో పోవాల్సింది పోయి ఉంటుంది. రాత్రి వేరే కథ. పగలు ఎండకు పైగాలిలో ఏర్పడి మీడియం వేవ్‌ను మింగేసే పొర పొద్దుగూకగానే చెదిరిపోతుంది. దానికన్నా పైనున్న పొర అలను తిరిగి కిందికి పంపిస్తుంది. అప్పుడు దూరపు స్టేషన్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. నేల మీదుగా వచ్చిన అలా, పైనుంచి దిగిన అలా కలిసే చోట ఒకదాన్నొకటి బలపరుస్తాయి, లేదా కొట్టేసుకుంటాయి. పాట మెల్లగా మునిగి, మళ్లీ తేలేది అందుకే.

ఆ రోజుల్లో గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 రాష్ట్రాల పునర్విభజనలోనే మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చాయి. దక్కన్ రేడియో ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ కూడా పలికేది. ఉర్దూదే సింహభాగం. అయినా గద్వాల సంస్థానంలో తెలుగు మాట్లాడుతూ, సర్కారు కాగితం ఉర్దూలో చదువుతూ, రాయచూరు అంగట్లో కన్నడం వినే మనిషికి ఆ నాలుగింటిలో మూడు చెవికి ఎక్కేవి. సంస్థానాల సరిహద్దులు, భాషల సరిహద్దులు అలకు తెలియవు. కానీ ఏ గంటకు ఏ భాష అని కాలాన్ని పంచే పని మాత్రం మనుషులదే. స్టేషను నడపడంలో యంత్రం లేని యంత్రాంగం ఈ పంపకమే.

వినే కొసన ఉన్న పెట్టె పనితనం తక్కువది కాదు. ఊళ్లకు కరెంటు లేదు కాబట్టి వాల్వు సెట్టుకు రెండు రకాల బ్యాటరీలు కావాలి. వాల్వు లోపలి సన్న తీగను వేడి చేయడానికి తక్కువ వోల్టేజిది ఒకటి; ఆ వేడికి పుట్టిన ఎలక్ట్రాన్లను పలక వైపు లాగడానికి 90 వోల్టుల దాకా ఉన్నది ఇంకొకటి. ఇంటి మీద రెండు కర్రలకు రాగి జాలీ ఏరియల్ కట్టేవాళ్లు. ఇంకో తీగను నేలలో పాతిన ఇనుప గొట్టానికి కట్టి, ఎండాకాలం దాని మొదట్లో నీళ్లు పోసేవాళ్లు. ఊళ్లో ఇంటి వెనక పోసిన ఆ చెంబెడు నీళ్లూ, సరూర్‌నగర్‌లో పాతిన రాగి తీగలూ చేసేది ఒకే పని. తిరుగు దారిని తడిగా, తేలిగ్గా ఉంచడం.

ఏరియల్‌కు ఒకేసారి పదుల స్టేషన్లు తగులుతాయి. అందులోంచి ఒకదాన్ని ఏరడం ఎలా? ప్రతి స్టేషనుకూ వేరే వడపోత కట్టలేం. సూపర్‌హెటెరొడైన్ పద్ధతి ఇక్కడ ఒక మలుపు తిప్పింది. సెట్టు లోపలే ఒక చిన్న ఆసిలేటరు ఉంటుంది. వచ్చే అల 730 అయితే అది 1185 దగ్గర ఊగుతుంది. రెండూ కలిస్తే తేడా 455 కిలోహెర్ట్జ్ పుడుతుంది. ముల్లు ఇంకో స్టేషనుకు జరిపితే లోపలి ఆసిలేటరు కూడా అంతే జరుగుతుంది. తేడా మళ్లీ 455. కాబట్టి వడపోత అంతా ఆ ఒక్క అంకెకే కట్టి, దాన్ని ఎంత పదునుగా కావాలంటే అంత పదునుగా చేయొచ్చు. స్టేషన్లు మారుతున్నాయని మనం అనుకుంటాం గానీ, లోపల అన్నీ ఒకే ద్వారం ముందుకు వచ్చి నిలబడతాయి.

ఈ రెండింటినీ జంటగా నడిపేది గ్యాంగు కండెన్సరు. ఒకే ఇరుసు మీద రెండు దొంతరల అల్యూమినియం రేకులు, కదలని రేకుల మధ్యకు తగలకుండా జారుతూ పోతాయి. ఒక దొంతర బయటి అలను పడుతుంది, ఇంకొకటి లోపలి ఆసిలేటరును నడుపుతుంది. ముల్లు ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయినా రెండింటి మధ్య తేడా 455 దగ్గరే ఉండాలి. అది పూర్తిగా కుదరదు కాబట్టి చివరి రేకుకు కోతలు పెట్టి, ఆ పాయలను కొద్దిగా వంచి సరిచేస్తారు. రిపేరు చేసే మెకానిక్ స్క్రూడ్రైవరు కొసతో ఒక పాయను రవంత నొక్కి, చెవి ఒగ్గి, మళ్లీ నొక్కేది ఈ తేడాను దారికి తేవడానికే. సెట్టులోని చిన్న కండెన్సర్లలో పలకల మధ్య పొర అభ్రకం. నెల్లూరు జిల్లా గూడూరు గనుల్లో కార్మికులు, ముఖ్యంగా ఆడవాళ్లు, కత్తితో పొరలు పొరలుగా చీల్చిన అభ్రకం ఓడలెక్కి విదేశాలకు పోయేది. అభ్రకం వేడికి మారదు, వోల్టేజికి పగలదు, గాజుకన్నా పలచగా చీలుతుంది. రేడియో పరిశ్రమ దానికోసం ఎదురుచూసేది.

1948 సెప్టెంబరు 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ యుద్ధం ఆపుతున్నట్టు ఇదే దక్కన్ రేడియోలో చదివారు. 1950 ఏప్రిల్ 1న స్టేషను భారత ప్రభుత్వానికి వచ్చి ఆకాశవాణిలో కలిసింది. కాలక్రమంలో పంచాయతీ ఆఫీసుల మీద హారన్లు మోగాయి, పాడిపంటలు, కార్మికుల కార్యక్రమం ఊరంతా విన్నది. ఆ కథ చాలామంది చెప్పారు. నా ధ్యాస వాణిజ్య ప్రసారం మీద ఉంది, ఎందుకంటే పనితనం అక్కడ సెకన్ల లెక్కకు దిగింది.

1952లో కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు అడ్డుకట్ట వేశారు. పాటలు సముద్రం దాటి సిలోన్ రేడియోకు పోయాయి. సైనికుల కోసం కొలంబో దగ్గర ఏకలలో పెట్టిన 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటరు వాళ్లకు దక్కింది. షార్ట్‌వేవ్ నేల మీద నడవదు. పైకి పోయి, రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న పొరకు తగిలి, దిగి వస్తుంది. కొలంబో నుంచి గద్వాలకు వెయ్యి కిలోమీటర్లకు కాస్త పైన. ఒక్క గెంతుకు సరిపోయే దూరం. అందుకే మధ్యాహ్నం పూట మీనాక్షి పొన్నుదొరై గారి తెలుగు గొంతు 25 మీటర్ల బ్యాండులో, 41 మీటర్ల బ్యాండులో పాలమూరు (మహబూబ్‌నగర్) ఇళ్లలో అంత దగ్గరగా పలికింది. ప్రకటనలతో బతికే స్టేషను ఎలా ఉంటుందో మనవాళ్లు మొదట విన్నది అక్కడే. పోటీగా ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధ భారతిని తెచ్చింది. 1967 నవంబరు 1న బొంబాయి, పుణె, నాగపూర్‌లలో దాని మీద వాణిజ్య ప్రకటనలు మొదలై, తర్వాత హైదరాబాదు, విజయవాడలకు వచ్చాయి.

ప్రకటన అమ్మకానికి ఉన్న కాలం. పది సెకన్లు కొన్నవాడికి పది సెకన్లే అందాలి. పదకొండైతే పక్కవాడి సొమ్ము, తొమ్మిదైతే ఖాళీ. టేపు సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో తిరిగితే పది సెకన్లంటే 190 సెంటీమీటర్ల టేపు, ముప్పై సెకన్లంటే అయిదు మీటర్ల డెబ్భై. కాలాన్ని స్కేలుతో కొలవొచ్చన్న మాట. ఎడిటరు టేపును చేత్తో ముందుకూ వెనక్కూ లాగి, హెడ్డు మీద మాట మొదలయ్యే చోటు వినిపించగానే మైనపు పెన్సిలుతో గుర్తు పెడతాడు. టేపును గాడిలో పరిచి, బ్లేడుతో నలభై అయిదు డిగ్రీల వాలుగా కోస్తాడు. నిలువుగా కోస్తే పాత ధ్వని ఒక్క క్షణంలో ఆగి కొత్తది మొదలవుతుంది, మధ్యలో టిక్కుమంటుంది. వాలుగా కోస్తే టేపు వెడల్పు మేరకు ఒకటి తగ్గుతూ, ఇంకొకటి పెరుగుతూ పోతుంది. బ్లేడుకు అయస్కాంత గుణం ఉండకూడదు. ఉంటే కోసిన చోట టేపు మీదే ముద్ర పడుతుంది. గద్వాల చీరలో నూలు ఒంటినీ పట్టు అంచునూ రెండు వైపుల నుంచి వచ్చే పేక పోగులను ఒకదానిలో ఒకటి పెనవేసి కలుపుతారు. వేలితో రాసినా కలయిక తగలదు. టేపు అతుకు కూడా చెవికి అలాగే తగలకూడదు.

మాట రాసేవాడి పని ఇంకా కష్టం. మీడియం వేవ్‌లో స్టేషనుకు స్టేషనుకు మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. 1978 నుంచి ప్రపంచంలో మన సగానికి అదే కొలత. హైదరాబాదు 738, విజయవాడ 837, కడప 900, విశాఖ 927, హైదరాబాదు బి కేంద్రం 1377, అన్నీ తొమ్మిదితో తెగుతాయి. ఎడం తొమ్మిదే కాబట్టి ధ్వనికి దొరికేది అందులో సగం, నాలుగున్నర. 'స' ధ్వనికి పదును ఉండేది దాని పైనే. అది పోతే స, ఫ ఒకలా వినపడతాయి. ఇటు చిన్న స్పీకరు మంద్రాన్ని పలకదు. రెండు వైపులా కత్తిరించగా మిగిలిన ఇరుకు సందులోంచి, గరగర మధ్య, సరుకు పేరు ఒక్కసారికే చెవిన పడాలి. పది సెకన్లలో ఇరవై మాటలు దాటితే తొందర వినిపిస్తుంది. అందుకే మంచి ప్రకటనలు దీర్ఘాచ్చుల మీద నిలబడేవి, పేరును పాటగా కట్టేవి, రెండోసారి చెప్పడానికి చోటు ముందే మిగిల్చేవి. వంటిళ్లలో ఇప్పటికీ పెద్దవాళ్లు ఆ పాటలు గొణుగుతారంటే ఆ సెకన్లు వృథా కాలేదు.

ట్రాన్సిస్టరు వచ్చాక ఏరియల్ పెట్టె లోపలికి వచ్చింది. ఫెరైట్ కడ్డీ మీద చుట్టిన సన్న తీగ. కడ్డీ పక్కవాటంగా వచ్చే అలను బాగా పడుతుంది, తన కొస వైపు నుంచి వచ్చేదాన్ని దాదాపు పట్టదు. గద్వాల నుంచి హైదరాబాదు ఉత్తరాన, కాస్త తూర్పుకు ఒరిగి ఉంటుంది. రాత్రి వేరే దిక్కునున్న స్టేషను దాని మీద పడితే, వినేవాడు సెట్టును అరచేతిలో మెల్లగా తిప్పి, అక్కరలేని ఊరి వైపు కడ్డీ కొసను చూపిస్తాడు. ఆ ఊరు మాయమవుతుంది. పొలంలో మంచె మీద కూచున్న రైతు పేరు తెలియకుండానే చేసిన ఈ పని, ఓడల్లో దిక్కు కనిపెట్టడానికి నావికులు వాడిన పద్ధతే.

2006లో హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు మొదలయ్యాయి. శబ్దం శుభ్రం, గరగర లేదు. కానీ ఎఫ్ఎం అల నేలను అంటుకుని వంగదు, పైపొరకు తగిలి దిగదు; చూపు మేరకే పోతుంది. భూమి వంపును లెక్కేస్తే 100 మీటర్ల టవరు చూపు సుమారు 41 కిలోమీటర్లు. పది మీటర్ల మేడ మీద ఏరియల్ పెడితే ఇంకో 13 కలుస్తాయి. గద్వాల 145 కిలోమీటర్ల అవతల. మీడియం వేవ్ మోసుకొచ్చినంత దూరం ఆ అల రాలేదు. కాబట్టి ఈ మూడు ఊళ్లకు వాణిజ్య ఎఫ్ఎం కావాలంటే టవరు ఇక్కడే లేవాలి.

2024 ఆగస్టులో కేంద్రం 234 పట్టణాల్లో 730 కొత్త ఎఫ్ఎం ఛానెళ్లకు ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో మహబూబ్‌నగర్ ఉంది, ఈ మూడు ఊళ్లు లేవు. మహబూబ్‌నగర్‌లో 100 మీటర్ల టవరు వేస్తే వనపర్తి 43 కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్ 45. మేడ మీద ఏరియల్ ఉన్నవాడికి అందుతుంది, చేతిలో ఫోను పట్టుకున్నవాడికి అనుమానమే. గద్వాల 60 కిలోమీటర్లు, మేడ మీదికి కూడా అందదు. అదే టవరును వనపర్తిలో నిలబెట్టి చూడండి. గద్వాల 32 కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్ 29. రెండూ ఆ 41 లోపలే, మేడ ఎక్కకుండానే. వనపర్తి చుట్టూ ఉన్న గుట్టల్లో ఒకదాని మీద వేస్తే ఇనుము ఇంకా తగ్గుతుంది, చూపు ఇంకా పెరుగుతుంది. ఏ గుట్ట, ఏ వైపు నీడ పడుతుంది, కృష్ణ ఒడ్డు పల్లాల్లో ఎంత మిగులుతుంది అన్నవి మ్యాపు, స్కేలు, ఒక కొలిచే సెట్టు పట్టుకుని కొద్దిరోజులు తిరిగితే తేలే సంగతులు.